కొండ కనిపించే కిటికీ, పొడిగుడ్డ గీతలు

ప్రశ్న: మాది తిరుపతిలో కరకంబాడి రోడ్డు వైపు అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. కొండ కనిపిస్తుందనే ఈ ఫ్లాటు తీసుకున్నాం. హాల్లో, రెండు బెడ్‌రూముల్లో కొండ వైపు పెద్ద స్లైడింగ్ అద్దాలు. తుడిచిన మూడో రోజుకే దుమ్ము పేరుకుంటోంది. ఆర్వో మెషీన్ బయటికి వదిలే నీళ్ళు వృథా చేయడమెందుకని వాటితోనే తుడుస్తున్నాను. తెల్ల చుక్కలు పోవడం లేదు సరికదా, ఎక్కువవుతున్నాయి. ఉగాదికి ముందు ఒకాయన్ని పిలిస్తే, సజ్జ మీద నిలబడి బయటివైపు అరగంటలో తుడిచేసి 1,200 తీసుకుని వెళ్ళాడు. ఇప్పుడు సాయంత్రం ఎండ పడితే అద్దం నిండా సున్నాలు చుట్టినట్టు గీతలు. ఒక కంపెనీని అడిగితే 4,500 అన్నారు. మా అత్తగారేమో 'పాత పేపరుతో పొయ్యేదానికి ఇన్ని వేలా?' అంటారు. మావారు ఈసారి తానే సజ్జ మీదికి దిగుతానంటున్నారు. డబ్బు పెట్టి పిలిపించడం దండగేనా? ఆ గీతలు పోతాయా?

— ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: ముందు మీవారిని సజ్జ మీదికి దిగనివ్వకండమ్మా. మిగతావన్నీ తీరిగ్గా మాట్లాడుకుందాం.

సజ్జ కట్టింది ఎండకీ వానకీ అడ్డంగా, మనిషి నిలబడడానికి కాదు. వాననీళ్ళు జారిపోవాలని దాన్ని కొంచెం వాలుగా పోస్తారు. ఆ వాలు మీద నాలుగు నెలల దుమ్ము ఇసుకలా పరుచుకుని ఉంటుంది, దాని మీద సబ్బునీళ్ళు పడతాయి. ఒక చేత్తో గ్రిల్ పట్టుకుని ఇంకో చేత్తో తుడిచే మనిషికి పట్టు ఎంతసేపు ఉంటుంది? ఉగాదికి వచ్చినాయనను కూడా మీరు అలా నిలబడనివ్వకుండా ఉండాల్సింది. ఆయనకు అలవాటే కావచ్చు. ఆ అలవాటే భయం.

ఇక గీతల సంగతి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట 'సాయంత్రం ఎండ పడితే' అన్నది. కొండ మన ఊరికి ఉత్తరాన ఉంది కాబట్టి కొండ కనిపించే కిటికీ అంటే ఉత్తరపు కిటికీ. చలికాలమంతా దాని మీద ఎండ నేరుగా పడదు. ఉగాది దాటాక పొద్దు పడమర నుంచి కాస్త ఉత్తరానికి జరిగి కుంకుతుంది, జూన్‌లో మరీను. అప్పుడు వెలుతురు అద్దాన్ని రాసుకుంటూ ఏటవాలుగా వస్తుంది, వెంట్రుకంత గీత కూడా మెరుస్తుంది. అంటే మీరు ఇప్పుడు చూస్తున్న గీతలన్నీ ఆ 1,200 ఆయన ఖాతాలో వేయడం న్యాయం కాదు. కొన్ని నిరుడువో, అంతకు ముందువో అయివుంటాయి. ఇన్నాళ్ళూ వెలుతురు లేక కనబడలేదు. ఒక చిన్న పరీక్ష ఉంది: గీతలు లోపలివైపు ఉన్నాయో బయటివైపు ఉన్నాయో చూడండి. లోపలివైపు ఉంటే ఆ చెయ్యి మీ ఇంట్లోదే.

చెయ్యి ఎవరిదైనా, గీసింది మాత్రం పొడిగుడ్డ. అసలు గుడ్డ కూడా కాదు, గుడ్డకీ అద్దానికీ మధ్య ఇరుక్కున్న దుమ్ము. మన శేషాచలం కొండలు చాలావరకు క్వార్ట్‌జైట్ రాయి. తిరుమలలో శిలాతోరణం చూశారు కదా, అది ఆ రాయే. పేరులోనే ఉన్నట్టు అందులో ఉండేది ముఖ్యంగా క్వార్ట్జ్, మనం పలుగురాయి అంటామే, అదే పదార్థం. రాళ్ళ గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ స్కేలు మీద అది 7. కిటికీ అద్దం 5.5 చిల్లర. గోరు రెండున్నర. గోరుతో అద్దాన్ని ఎంత గీకినా ఏమీ కాదు. పలుగురాయి నలుసు ఒక్కటి గుడ్డ కింద దొరికితే చాలు, చెయ్యి తిరిగినంత మేరా గీత. మీరు చూసిన సున్నాలు ఆ చెయ్యి తిరిగిన దారే.

ఇక్కడ కొండ తరఫున ఒక మాట చెప్పాలి. ఇంట్లోకి దుమ్మొస్తే మనవాళ్ళు 'కొండగాలి' అని కొండ మీదికి తోసేస్తారు. కొండ మీద అడవి ఉంది, వేళ్ళు మట్టిని పట్టుకుని ఉంటాయి. మూడో రోజుకే అద్దం మీద చేరేది ఎక్కువగా కింది దుమ్మే: రోడ్డు పక్క మట్టి, కొత్త లేఅవుట్లు, పట్టా కప్పకుండా కంకరా ఎం-శాండూ మోసే టిప్పర్లు. నది ఇసుక కరువై ఎం-శాండ్ వచ్చింది, అంటే గ్రానైట్‌ని క్రషర్‌లో పిండి కొట్టిన ఇసుక. అందులోనూ పలుగురాయి ఉంది, అద్దం కంటే గట్టిదైన ఫెల్డ్‌స్పార్ ఉంది. పైగా నది ఇసుకలా అరిగి గుండ్రంగా ఉండదు, పగిలిన రాయి కాబట్టి అంచులు పదును. మీ పక్క ఖాళీ స్థలంలో ఇల్లు లేస్తుంటే, అది పూర్తయ్యేదాకా అద్దాన్ని పొడిగుడ్డతో ముట్టుకోవద్దని ఇంట్లో అందరికీ చెప్పండి. పనిమనిషికి మరీ మరీ చెప్పండి.

ఈ నీతులు చెబుతున్న నేనే ఒకప్పుడు ఆ తప్పు చేశాను. చాలా ఏళ్ళు ఈ ఊళ్ళోనే ఒక లాడ్జిలో హౌస్‌కీపింగ్ చూశాను. బ్రహ్మోత్సవాల ముందు ఓనరుగారు రిసెప్షన్‌కి కొత్త అద్దాలు వేయించారు, నిలువెత్తు పలకలు. రోడ్డు మీద కేబుల్ గుంటలు తవ్వుతున్నారు, దుమ్మే దుమ్ము. పొద్దున్నే నీళ్ళూ బక్కెట్టూ అంటే గెస్టులకు ఇబ్బందని, పనిచేసే కుర్రాళ్ళ చేతికి తలా ఒక కొత్త పసుపు గుడ్డ ఇచ్చి 'మెరిసిపోవాలి' అన్నాను. మెరిశాయి కూడా. వారం తర్వాత రాత్రిపూట ఎదుటి షాపు బోర్డు లైటు పడి, నాలుగు పలకల మీదా సాలెగూళ్ళు కనిపించాయి. ఓనరుగారు ఒక్క మాట అనలేదు. ఆ నాలుగు పలకల ముందు నుంచి రోజూ నడవడమే నాకు చాలింది.

ఇక తెల్ల చుక్కలు. ఇది గీతల కంటే తేలిక. కారణం మీరే రాశారు: ఆర్వో వదిలే నీళ్ళు. ఆర్వో మెషీన్ నీళ్ళలోని ఉప్పును మాయం చేయదమ్మా, పక్కకు తోస్తుంది. మీ గ్లాసులోకి వచ్చే నీళ్ళలో తగ్గిన ఉప్పంతా వెనక పైపులో పోయే నీళ్ళలో చేరుతుంది. అంటే మీ ఇంట్లో అన్నిటికంటే ఉప్పటి నీళ్ళు తెచ్చి అద్దానికి పూస్తున్నారు. నీళ్ళు ఆరిపోతాయి, వాటిలోని కాల్షియం, మెగ్నీషియం అద్దం మీదే ఉండిపోతాయి. గీజరు రాడ్డుకు పట్టే గార, బాత్రూం కుళాయి మూతికి పట్టే తెల్లపొర, మీ అద్దం మీది చుక్కలు, మూడూ ఒకటే. ఆ నీళ్ళు పారబోయలేకపోతే బాల్కనీ కడగండి, బాత్రూంలో పోయండి. అద్దానికి మాత్రం వద్దు.

తాగే నీళ్ళలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చని భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం. మన కడుపు దానికి ఏమీ అనుకోదు. అద్దం అంత సర్దుకుపోదు, వంద ఉన్నా ఆరినచోట చుక్క వేస్తుంది. పెద్ద ఊళ్ళలో పెద్ద అద్దాలు కడిగే కంపెనీల వాళ్ళు లవణాలన్నీ తీసేసిన నీళ్ళను పొడుగాటి పైపు బ్రష్షులతో చిమ్మి, తుడవకుండా వదిలేస్తారు. ఆరినా మచ్చ ఉండదు, ఎందుకంటే వదలడానికి ఆ నీళ్ళలో ఏమీ ఉండదు. మీకు అంత హంగామా అక్కర్లేదు. ఏసీ పైపు నుంచి కారే నీళ్ళు ఉన్నాయి కదా, అవి గాలిలోని తేమ చల్లబడి కారినవి, బోరు నీళ్ళలో ఉండే ఉప్పు వాటిలో ఉండదు. ఎండాకాలం ఒక రాత్రికి బక్కెట్టు నిండుతుంది. పల్చటి గుడ్డలో వడకట్టి ఆ రోజే వాడేయండి, నిలవ ఉంచితే దోమలు గుడ్లు పెడతాయి. మొదటి కడుగుడు బోరు నీళ్ళతో అయినా ఫరవాలేదు, ఆఖరున పోసే నీళ్ళు మాత్రం ఏసీవో, ఆర్వోలో తాగడానికి పట్టినవో అయితే చాలు.

ఇప్పటికే పట్టిన గారకు తెల్ల వెనిగర్. సగం వెనిగర్, సగం నీళ్ళు కలిపి, టిష్యూ ముంచి చుక్కల మీద అంటించి పది నిమిషాలు ఉంచండి. మూల ఒక చోట చేసి చూసి, చుక్క పోతే మొత్తం చేయండి. రెండు మూడు సార్లు చేసినా పోకపోతే అది పైన పట్టిన గార కాదు, అద్దాన్నే తినేసిన మచ్చ. ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళు ఆరినచోట, ప్లాస్టరింగ్ అప్పుడు సిమెంటు పాలు కారినచోట అలా జరుగుతుంది. అది ఇంటి వైద్యానికి లొంగదు. ఇంకో జాగ్రత్త: మీ కిటికీ కింద పరిచింది కడప బండ అయితే దాని మీద వెనిగరూ నిమ్మరసమూ పడనివ్వకండి. కడప బండ సున్నపురాయి జాతి, పులుపు తగిలితే నునుపు పోయి తెల్లగా పొక్కినట్టవుతుంది. తడిగుడ్డ మడిచి బండ మీద పరుచుకుని పని మొదలుపెట్టండి. గ్రానైట్ అయితే అంత భయం లేదు, అయినా వెంటనే తుడిచేయడం మేలు.

బాత్రూం యాసిడ్ ఊసే వద్దు. అద్దానికి ఏమీ కాకపోవచ్చు, అల్యూమినియం ఫ్రేము నల్లబడి పొట్టు లేస్తుంది. 'మా దగ్గర స్పెషల్ కెమికల్ ఉంది, ఏ మరకైనా నిమిషంలో పోతుంది' అని ఎవరైనా లేబులు లేని సీసా తీస్తే బయటికి పంపించండి. కొన్ని మందుల్లో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటుంది. అది అద్దాన్నే కరిగిస్తుంది, మనిషి చర్మం మీద పడితే లోపలి ఎముక దాకా పోతుంది. నిమిషంలో పోయే మరక కోసం అంత అక్కర్లేదు.

ఇప్పుడు పని ఎలా చేయాలో చెబుతాను. ఇది మీరు చేసుకున్నా, మనిషిని పెట్టి చేయించినా ఇదే వరస. చాలామంది అద్దంతో మొదలుపెడతారు, అక్కడే దెబ్బ తింటారు. అద్దం ఆఖరు.

మొదట దోమల మెష్. మన ఇళ్ళలో అసలు దుమ్ము ఉండేది దాంట్లోనే. గాలికి వచ్చిన దుమ్మును అది జల్లెడలా పట్టుకుంటుంది, వాన జల్లు కొట్టగానే బురద చేసి అద్దం మీదికి కారుస్తుంది. స్లైడింగ్ మెష్‌ను పైకెత్తి కింది అంచు ట్రాక్ నుంచి తప్పిస్తే ఊడి వస్తుంది. బాత్రూంలో గోడకు ఆనించి, మెత్తని బ్రష్షుతో సబ్బునీళ్ళు రాసి చెంబుతో పోయండి. కారే నీళ్ళ రంగు చూస్తే మీ అత్తగారు కూడా పేపరు మాట ఎత్తరు.

తర్వాత గ్రిల్. పెయింటు వేసే రెండంగుళాల కుంచె తడిపి ఊచల సందుల్లో తిప్పండి. దాని తర్వాత ట్రాక్. ఇది కాస్త ఓపిగ్గా చూడండి, ఎవరూ చూడరు. కింది ట్రాక్‌లో దుమ్ము, వెంట్రుకలు, చచ్చిన ఈగలు, దీపావళి కాకరపువ్వొత్తుల బూడిద అన్నీ కలిసి అట్టకట్టి ఉంటాయి. నీళ్ళు పోయకముందే పాత టూత్‌బ్రష్షుతో పొడిగా లేపి, చిన్న చీపురుతో ఎత్తేయండి. నీళ్ళు పోశాక లేపితే అది మట్టి ముద్దై సందుల్లోకి దిగుతుంది. ట్రాక్ బయటి అంచు కింద చిన్న చిన్న తొర్రలు కనిపిస్తాయి. అవి ఫ్రేము చేసినవాడి పొరపాటు కాదు, వాన నీళ్ళు బయటికి పోవడానికి పెట్టిన దారులు. కొబ్బరి ఈనె ఒకటి తీసుకుని ఒక్కొక్కటీ పొడవండి. 2021 నవంబరులో కపిలతీర్థం మీంచి నీళ్ళు విరుచుకుపడిన ఆ వానల్లో, మా ఇంట్లో హాలు కిటికీ కింద నుంచి నీళ్ళు లోపలికొచ్చి సోఫా కాళ్ళు నానిపోయాయి. కిటికీ వేసినవాణ్ణి తిట్టుకున్నాను. వాన తగ్గాక చూస్తే నాలుగు తొర్రలూ కందిరీగ మట్టితో మూసుకుని ఉన్నాయి. పుల్లతో పొడిస్తే ట్రాక్‌లో నిలిచిన నీళ్ళు గడగడా బయటికి పోయాయి.

ఇవన్నీ అయ్యాక అద్దం. ముట్టుకోకుండా ముందు నీళ్ళు. మొక్కలకు కొట్టే స్ప్రే డబ్బా ఉంటే మంచిది, లేకపోతే చెంబు. పై అంచున పోసి కిందికి కారనివ్వండి, రెండుసార్లు. ఈ రెండు చెంబుల నీళ్ళే మీ అద్దాన్ని కాపాడేది. గీతలు పెట్టే నలుసుల్లో చాలావరకు గుడ్డ తగలకుండానే జారిపోతాయి. తర్వాత బక్కెట్టు నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చెంచా, అంతే. నురగ ఎక్కువైతే శుభ్రం ఎక్కువని అనుకుంటాం, ఆ మిగిలిన సబ్బే ఆరాక చారలు కడుతుంది, కొత్త దుమ్మును పట్టుకుంటుంది. ఆ నీళ్ళలో మైక్రోఫైబర్ గుడ్డ ముంచి, పెద్దగా ఒత్తకుండా పై నుంచి కిందికి రాయండి. ప్రతి పలకకూ గుడ్డను వేరే నీళ్ళలో జాడించండి. ఒకటే బక్కెట్టయితే మూడో పలకకు వచ్చేసరికి మీరు ఇసుక నీళ్ళే రాస్తుంటారు.

అద్దం ఇంకా తడిగా ఉండగానే రబ్బరు వైపర్ లాగాలి. షాపులో స్క్వీజీ అని అడగండి, నేల తుడిచే పెద్దది కాదు, అద్దాలకు వేరే ఉంటుంది. ఇటలీ నుంచి అమెరికా వెళ్ళి అద్దాలు తుడిచి బతికిన ఎటోరె స్టెకోన్ అనే ఆయన 1936లో చేసిన నమూనా అది, ఈ రోజుకీ పెద్దగా మారలేదు. మొదట పై అంచున ఒక బెత్తెడు పొడిగుడ్డతో తడి లేకుండా తుడవండి, తడి అంతా అయ్యాక కాబట్టి ఇక్కడ పొడిగుడ్డకు దోషం లేదు. ఆ ఆరిన చోట రబ్బరు ఆనించి, కాస్త ఏటవాలుగా పట్టి, ఒకే ఊపున కిందికి. ప్రతి లాగుడుకూ రబ్బరు తుడవాలి. తర్వాతి లాగుడు ముందు దాని మీద రెండు వేళ్ళ మేర ఎక్కాలి. మొదటి రెండు కిటికీలూ చారలు వస్తాయి, విసుక్కోకండి. నాలుగోదానికి చెయ్యి కుదురుతుంది. పొద్దున తొమ్మిదిలోపు ముగించండి. మన ఊరి ఎండకు అద్దం వేడెక్కితే, వైపర్ అందుకునేలోపే సబ్బు ఆరిపోతుంది.

రోడ్డు వైపు కిటికీలుంటే వాటికి ఒక తేడా ఉంది. అక్కడ డీజిల్ పొగ జిడ్డు అద్దం మీద సన్నటి పొరలా ఉంటుంది, దుమ్ము దానికి అతుక్కుంటుంది. వట్టి నీళ్ళకు పోదు, సబ్బు తప్పదు. వంటగది కిటికీ కూడా అంతే, తాలింపుల పుణ్యం. కొండ వైపు కిటికీకి మామూలు రోజుల్లో వట్టి నీళ్ళూ వైపరూ చాలు.

అత్తగారి పేపరు విషయానికొస్తే, ఆమె చెప్పింది తప్పు కాదమ్మా, వేళ తేడా. అప్పటి ఇళ్ళకు చెక్క తలుపుల కిటికీలు, పైన జానెడు గాజు ముక్కలు. ముందు తడిగుడ్డతో తుడిచి, తడి ఆరకముందు పేపరుతో రుద్దేవాళ్ళు. పేపరుకు నీళ్ళు పీల్చే గుణం ఉంది, నూలు పోగులు వదలదు, కాబట్టి ఆఖరి మెరుపుకు అది ఇప్పటికీ పనికొస్తుంది. మనం ఆ తడిగుడ్డ మరిచిపోయి పేపరొక్కటే గుర్తుపెట్టుకున్నాం. వైపర్ లాగాక మూలల్లో మిగిలే చెమ్మను పేపరుతో ఒత్తే పని ఆమెకే అప్పజెప్పండి. ఫ్రేము తెల్ల యూపీవీసీ ప్లాస్టిక్‌ది అయితే మాత్రం సిరా అంటుకుంటుంది, దాని జోలికి పోవద్దనండి. ఇంట్లో టెన్షన్ సగం తగ్గుతుంది.

ఇక అసలు ప్రశ్న, డబ్బు పెట్టాలా వద్దా. లోపలివైపుకు వద్దు. స్లైడింగ్ పలకలు చాలావరకు గది లోపలి నుంచే ఊడతాయి, కాబట్టి చేయి అందే బయటివైపుకూ వద్దు. పెద్ద పలక బరువుంటుంది, ఇద్దరు పట్టుకుని దించండి, నేల మీద పాత దుప్పటి పరిచి నిలబెట్టండి. ఇద్దరు మోయలేనంత పెద్దవి, కదలకుండా బిగించేసినవి మాత్రం తెలిసినవాళ్ళతో ఏడాదికి రెండుసార్లు చేయించుకోండి. మీ మూడు గదుల్లో అలాంటివి ఎన్నో లెక్కపెట్టి, ఆ పలకల వరకే రేటు అడగండి. 'త్రీ బెడ్‌రూమ్ ఫ్లాటుకు ఇంత' అనే లెక్కలో మీరు చేసుకోగల పనికి కూడా డబ్బు పోతుంది. 4,500 చాలావరకు కిందికి దిగుతుంది.

1,200 ఆయనా 4,500 కంపెనీ అన్న తేడా చూసి నిర్ణయించుకోకండి. ఖరీదైన యూనిఫాం వేసుకుని పొడిగుడ్డతో మొదలుపెట్టినవాళ్ళను చూశాను, సైకిల్ మీద బక్కెట్టు తగిలించుకొచ్చి చక్కగా నీళ్ళు పోసి చేసినవాళ్ళనూ చూశాను. వచ్చిన మనిషికి ముందు వంటగది చిన్న కిటికీ చూపించి 'ఇదొక్కటి చెయ్యి నాయనా, చూసి మిగతావి చెబుతాను' అనండి. ఏమీ నేర్పకండి, పక్కన నిలబడి చూడండి. నీళ్ళెక్కడున్నాయని అడిగాడా? మెష్ తీశాడా? అద్దానికి గుడ్డ తగిలేముందు అద్దం తడిసిందా? ఈ మూడూ జరిగితే మనిషి తెలిసినవాడే. లేకపోతే ఆ ఒక్క కిటికీకి డబ్బిచ్చి, మజ్జిగిచ్చి పంపించండి.

బ్లేడు తీస్తే మాత్రం ఆపి ఒక మాట అడగండి. పెయింటు చుక్కలకూ సిమెంటు బొట్లకూ బ్లేడు వాడతారు, మామూలు అద్దం మీద తడిపి జాగ్రత్తగా గీకితే తప్పు లేదు. మీ పలక మూలన చిన్న ముద్ర ఉంటే అది టఫెన్డ్ గ్లాసు. దాన్ని కొలిమిలో కాల్చేటప్పుడు కంటికి కనబడని గాజు నలుసులు పైన అతుక్కుని ఉండవచ్చు. బ్లేడు వాటిని లేపి అద్దం పొడుగునా ఈడుస్తుంది. ఎండకు ఫిల్మ్ అంటించి ఉంటే ఆ వైపు బ్లేడూ వద్దు, అమోనియా ఉన్న స్ప్రేలూ వద్దు.

మూడో అంతస్తు బయటి పని కాబట్టి తాడూ, ఒళ్ళంతా బిగించే బెల్టూ ఉన్నాయా, ఆ తాడు పైన దేనికి కడతారు అని అడగండి. 'నీళ్ళ ట్యాంకు పైపుకు కడతాం మేడం' అంటే వద్దని చెప్పండి. ఇది ఒక్క ఫ్లాటుగా అడిగితే ఖర్చు, అసోసియేషన్ మీటింగులో పెట్టి బిల్డింగు మొత్తం ఒకేసారి చేయిస్తే తలా కొంచెమే పడుతుంది. కింద నిలబడి చూసుకునే మనిషి ఉంటాడు, మిద్దె మీద తాడుకు సరైన ఆధారం ఒకసారి వేయిస్తే ఏటా పనికొస్తుంది. మీటింగులో ఎవరో ఒకరు 'మా అద్దాలు బాగానే ఉన్నాయి' అంటారు. సాయంత్రం ఐదున్నరకు మీ ఇంటికి టీకి పిలవండి.

ఎప్పుడు చేయించాలి అంటే, ఆడి నెల (జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా) గాలులు అయ్యేదాకా ఆగండి. జూన్ నుంచి ఆ పడమటి గాలి దుమ్మును మోసుకొస్తూనే ఉంటుంది, అప్పుడు డబ్బు పెడితే గాలికి పోసినట్టే. ఆడికృత్తిక దాటాక, బ్రహ్మోత్సవాలకు ముందు ఒకసారి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు, వాటి తర్వాత భోగికి ముందు రెండోసారి. మధ్యలో ఎప్పుడైనా రాత్రిపూట గాలిగోపురం దగ్గర వెలిగే నామం మసకగా కనిపిస్తే రెండు చెంబుల నీళ్ళు పోసుకోండి, అంతకు మించి చేయకండి. రోజూ తుడిచే అద్దమే త్వరగా పాడవుతుంది.

ఉన్న గీతలు పోతాయా అని అడిగారు. గీత మీద గోరు అడ్డంగా నడపండి. గోరు గీతలో చిక్కుకోకపోతే అది పైపై గీత, సీరియం ఆక్సైడ్ పొడితో పాలిష్ పడితే చాలావరకు పోతుంది. కానీ అది గంటల పని, చెయ్యి తిరిగినవాడు చేయకపోతే అద్దం మీద పల్లం పడి కొండ వంకరగా కనిపిస్తుంది. గోరు చిక్కుకుంటే ఇక పలక మార్చడమే, మామూలు అద్దమైతే పాలిష్ కంటే అదే చవక పడవచ్చు. నన్నడిగితే ఈ ఏడు రెండూ వద్దు. పక్కన కట్టడం జరుగుతుంటే, అది పూర్తయ్యేదాకా కొత్త అద్దం వేయించినా గతి ఇదే. ఉత్తరాయణం పోయి పొద్దు దక్షిణానికి తిరిగితే, సెప్టెంబరు చివరికల్లా ఆ ఎండ మీ కిటికీ వదిలిపోతుంది, గీతలూ కనబడవు. అప్పటికీ మనసు పీకుతుంటే హాల్లో ఒక్క పలక మార్పించుకోండి.

వైపర్ కొనేటప్పుడు పది అంగుళాలది తీసుకోండి, గ్రిల్ సందుల్లో తిప్పడానికి ఆరు అంగుళాలది ఇంకోటి. రబ్బరు విడిగా ఊడి వచ్చేది అయి ఉండాలి. చారలు వదలడం మొదలుపెడితే కొత్తది కొనేయకండి, రబ్బరు తీసి తిప్పి పెట్టండి, రెండో అంచు ఇంకా పదునుగానే ఉంటుంది.